జనం పార్టీ మారారా, అరుగు మీదకొచ్చి కూర్చున్నారా?

మీ ప్రశ్నని నాకర్థమైనంతలో ముందు ఒకసారి చెప్పుకుంటాను. 2021 మొదటి మూడు నెలల్లో అమెరికాలో డెమోక్రాట్ల వైపు 49 శాతం, రిపబ్లికన్ల వైపు 40 శాతం ఉన్నారని గాలప్ అనే సర్వే సంస్థ చెప్పింది. అదే ఏడాది ఆఖరి మూడు నెలలకొచ్చేసరికి రిపబ్లికన్ల వైపు 47, డెమోక్రాట్ల వైపు 42. తొమ్మిది పాయింట్ల ఆధిక్యం కాస్తా అయిదు పాయింట్ల వెనకబాటు అయింది. మొత్తం 14 పాయింట్ల తేడా. "మా నాన్నది నలభై ఏళ్లుగా ఒకటే పార్టీ, ఊళ్లో ఎవర్ని చూసినా అంతే. అమెరికావాళ్లు ఏడాది తిరక్కుండా చొక్కా మార్చినట్టు పార్టీ మార్చేస్తారా, లేక సర్వేలే బూటకమా?" అని అడిగారు. చివర్లో ఇంకోటి కూడా: డాలస్‌లో ఉన్న మీ బావగారు "మన తెలుగువాళ్లందరూ ట్రంప్ వైపు తిరిగిపోయారు" అంటున్నారు, నిజమేనా అని.

సూటిగా చెప్పాలంటే, సర్వే బూటకం కాదు, జనం మూకుమ్మడిగా పార్టీ మారనూ లేదు. ఇల్లు మారినవాళ్లు కొద్దిమంది. ఇంట్లోంచి అరుగు మీదకొచ్చి కూర్చున్నవాళ్లు, అరుగు మీదే ఈ చివర్నించి ఆ చివరికి జరిగినవాళ్లు చాలామంది. ఇంకొంత తేడా ఆ నెలలో ఫోనెత్తి మాట్లాడే ఓపిక ఎవరికుందో దాన్నిబట్టి వస్తుంది. అసలు సిసలు పార్టీ మార్పు కూడా జరుగుతుంది గానీ, దాన్ని నెలల్లో కొలవలేం. అది తరాల లెక్క.

నా సంగతి ఒక ముక్క. పాతికేళ్లుగా నాకు సర్వేలే పని. మొదటి అయిదారేళ్లు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సంచీ భుజానేసుకుని, ప్రశ్నపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఆ తర్వాత అమెరికాలో, జనం ముఖం చూడాల్సిన పనిలేకుండా అంకెల ముందు కూర్చునే ఉద్యోగం. వెయిటింగ్ అంటారు. సర్వేకి దొరికినవాళ్ల వయసులు, చదువులు, ప్రాంతాలు జనాభా లెక్కలకి సరితూగేలా సవరించడం. ఆ మొదటి పని చేసుండకపోతే ఈ రెండోదాంట్లో ఇంకా చాలా తప్పులు చేసుండేవాణ్ణి.

ముందు ఏం అడుగుతారో చూడండి

గాలప్ అడిగేది రెండు మెట్ల ప్రశ్న. మొదటి మెట్టు: రాజకీయాల్లో, ఇవాళ్టికి, మిమ్మల్ని మీరు రిపబ్లికన్ అనుకుంటారా, డెమోక్రాట్ అనుకుంటారా, ఇండిపెండెంట్ అనుకుంటారా? ఇండిపెండెంట్ అన్నవాళ్లని రెండో మెట్టు ఎక్కిస్తారు: సరే, ఇవాళ్టికి మీ మొగ్గు ఎటు? మన దగ్గర ఇండిపెండెంట్ అంటే ఏ గ్యాస్ సిలిండరో, కుట్టుమిషనో గుర్తుగా తెచ్చుకుని పోటీచేసే అభ్యర్థి. అక్కడ ఏ పార్టీ పేరూ తనకి తగిలించుకోవడం ఇష్టంలేని ఓటరు. వాళ్లు తక్కువేం కాదు. 2023లో గాలప్ లెక్క ప్రకారం 43 శాతం ఇండిపెండెంట్లు, రెండు పార్టీలకీ చెరో 27 శాతం. అంటే అమెరికాలో అతి పెద్ద "పార్టీ" ఏ పార్టీ కానివాళ్లదే.

అయితే రెండో మెట్టు ఎక్కించగానే ఆ 43లో ఎక్కువమంది ఏదో ఒక వైపు చెప్పేస్తారు. మీరిచ్చిన 49, 40 అంకెలు అలా కలిపినవే. పార్టీ పేరు నేరుగా చెప్పినవాళ్లు, మొగ్గు మాత్రమే చెప్పినవాళ్లు, ఇద్దరూ అందులో ఉన్నారు. ఇప్పుడొక చిన్న కూడిక చేయండి. 49, 40 కలిపితే 89. ఏడాది చివర 42, 47 కలిపితే? మళ్లీ 89. రెండుసార్లూ మిగిలింది 11 శాతమే. ఎటూ మొగ్గనివాళ్లు అంతేనన్నమాట. మధ్యలో ఉన్న గుంపు ఉబ్బలేదు, తరగలేదు. అయినా త్రాసు ఇటు నుంచి అటు వాలింది.

ఎలా వాలింది? రెండిళ్ల ముందు కలిపి కట్టిన ఒకే పొడుగాటి అరుగుని ఊహించుకోండి. ఇళ్ల లోపల కూర్చున్నవాళ్లు పార్టీ మనుషులు. అరుగు మీద ఈ చివర కొందరు, ఆ చివర కొందరు, నడిమధ్య కొద్దిమంది. డెమోక్రాట్ అధ్యక్షుడు బైడెన్ మీద విసుగొచ్చింది. ఆయన పనితీరు బాగుందన్నవాళ్లు ఏడాది మొదట్లో గాలప్‌లోనే 57 శాతం. ఆగస్టులో అఫ్గానిస్తాన్ నుంచి సైన్యం బయటపడ్డ తీరు చూశాక, కరోనా మళ్లీ విజృంభించాక, కిరాణా ధరలు పెరిగాక 42, 43కి దిగారు. అప్పుడు డెమోక్రాట్ చివరన కూర్చున్నాయన కాస్త మధ్యకి జరుగుతాడు. మధ్యలో ఉన్నాయన రిపబ్లికన్ చివరికి జరుగుతాడు. అప్పటిదాకా ఓడిపోయామన్న దిగులుతో "నేను ఇండిపెండెంట్‌ని" అని తప్పించుకున్న రిపబ్లికన్ అభిమాని గుండెలు నిండా గాలి పీల్చుకుని ఇంట్లోకెళ్లి కిటికీ తెరుస్తాడు. ప్రతివాడూ ఒక్క అడుగే వేశాడు. గోడ దూకి అవతలింట్లోకి పోయినవాడు ఒక్కడూ లేకపోయినా అంకెలు ఇలాగే వస్తాయి.

ఇంకోటి, 14 అనేది రెండుసార్లు లెక్కపెట్టిన అంకె. ఇటు ఏడు తగ్గి అటు ఏడు పెరిగితే తేడా పద్నాలుగు. వందమందిలో ఏడుగురి సంగతి ఇది. పత్రికలు పద్నాలుగనే రాస్తాయి, పెద్దగా కనిపిస్తుంది కాబట్టి. అలాగని దాన్ని శాంపిల్ పొరపాటు కింద కొట్టిపారేయలేం. ఆ ఏడాది గాలప్ 12,000 మందికి పైగా మాట్లాడింది. అంటే మూణ్ణెల్లకి సుమారు 3,000 మంది. అంతమంది మీద వచ్చే హెచ్చుతగ్గు రెండు శాతం దగ్గరుంటుంది. ఏడు అంతకు చాలా పైమాట. కదలిక నిజమే. ఎటువంటి కదలిక అన్నదే గొడవ.

"ఇవాళ్టికి" అన్న మాట కూడా గమనించారా? మిషిగన్ విశ్వవిద్యాలయంలో మొదలైన జాతీయ ఎన్నికల అధ్యయనం 1952 నుంచీ ఇదే సంగతిని ఇంకోలా అడుగుతోంది: "మామూలుగా మిమ్మల్ని మీరు ఏ పార్టీ మనిషి అనుకుంటారు?" అని. ఒకే మనిషిని "ఇవాళ ఆకలేస్తోందా?" అని అడగడానికీ "మీరు భోజనప్రియులా?" అని అడగడానికీ ఉన్నంత తేడా ఉంది ఈ రెంటికీ. మొదటిది వాతావరణాన్ని కొలుస్తుంది, రెండోది శీతోష్ణస్థితిని. రాజనీతి పండితుల మధ్య దీని మీద పెద్ద తగువే నడిచింది. 1989లో మెక్‌కూయెన్, ఎరిక్సన్, స్టిమ్సన్ అనే ముగ్గురు గాలప్ అంకెలు ముందేసుకుని, అధ్యక్షుడి పలుకుబడినీ, జనం ఆర్థిక ధీమానీ బట్టి పార్టీ అభిమానం మొత్తంగా పెరుగుతుంది, తగ్గుతుంది అన్నారు. డోనల్డ్ గ్రీన్, పామ్‌క్విస్ట్, షిక్లర్ అనే మరో ముగ్గురు ఒప్పుకోలేదు. పార్టీ అనేది మతంలాగా మనిషిని అంటిపెట్టుకునే గుర్తింపు, కొలతలో వచ్చే పొరపాట్లు తీసేస్తే పెద్దగా కదలదు అన్నారు. నన్నడిగితే రెండో వర్గంవైపే నా మొగ్గు (ఇవాళ్టికి!). కానీ అభిమానం కదలదన్నవాళ్లు కూడా ఎన్నికలు ఆ ఏడుగురి మీదే గెలుస్తారని, ఓడతారని మర్చిపోతుంటారు.

అదే మనిషిని మళ్లీ అడిగితే?

మీ అనుమానం తీరాలంటే చూడాల్సింది ఇది. గాలప్ ప్రతి నెలా కొత్తవాళ్లని అడుగుతుంది. నిరుడు అడిగిన సుబ్బారావు ఈ ఏడు ఉండడు, అప్పారావు ఉంటాడు. ఎవరు మారారో దాంట్లోంచి తెలియదు. అదే మనుషుల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అడిగే పద్ధతిని ప్యానెల్ అంటారు. ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థకి అలాంటి ప్యానెల్ ఉంది. 2018లో డెమోక్రాట్ల వైపున్న ఓటర్లలో 2020 నాటికి రిపబ్లికన్ల వైపు వెళ్లినవాళ్లు 9 శాతం అని వాళ్లు తేల్చారు. మరి రిపబ్లికన్ల నుంచి డెమోక్రాట్ల వైపు వచ్చినవాళ్లు? వాళ్లూ 9 శాతమే. అంటే రెండేళ్లలో పదిమందిలో తొమ్మిదిమంది ఉన్నచోటే ఉన్నారు. మారినవాళ్లేమో ఒకళ్లకొకళ్లు చెల్లయిపోయారు. బయటినుంచి చూసేవాడికి "ఏ మార్పూ లేదు" అని కనిపిస్తుంది. లోపల లక్షలమంది అటూ ఇటూ నడిచారు. వాళ్లలో కూడా ఒక తీరు ఉంది. కాలేజీ చదువు ఉన్నవాళ్లు ఎక్కువగా డెమోక్రాట్ల దిక్కుకి, లేనివాళ్లు రిపబ్లికన్ల దిక్కుకి.

కాబట్టి మీ నాన్నగారిలాంటివాళ్లు అమెరికాలోనూ కోకొల్లలు. వాళ్లు వార్త కారు, అంతే తేడా.

ఫోనెవరెత్తారు?

ఇది నేను రోజూ నెత్తి బాదుకునే విషయం. ప్యూ వాళ్ల టెలిఫోన్ సర్వేల్లో 1997లో నూటికి 36 మంది మాట్లాడేవారు. 2018కి ఆరుగురు. మిగతా 94 మంది ఎవరో, ఏమనుకుంటున్నారో మనకి తెలియదు. ఆ ఆరుగురూ మిగతావాళ్లలాంటివాళ్లే అని నమ్మకం పెట్టుకుని బతుకుతున్నాం. ఒక పార్టీకి మంచిరోజులు నడుస్తుంటే ఆ పార్టీ అభిమాని హుషారుగా మాట్లాడతాడు. చెడ్డరోజుల్లో "టైం లేదండీ" అని పెట్టేస్తాడు. ఇండియా క్రికెట్ మ్యాచ్ ఓడిన మర్నాడు మన వాట్సాప్ గ్రూపులు ఎంత నిశ్శబ్దంగా ఉంటాయో చూశారుగా? అభిమానులు తగ్గిపోయారా? నోళ్లు మూశారు.

దీనికి చక్కటి రుజువు 2012లో దొరికింది. అక్టోబర్ 3న డెన్వర్‌లో అధ్యక్ష అభ్యర్థుల మధ్య జరిగిన మొదటి చర్చలో డెమోక్రాట్ ఒబామా నీరసంగా మాట్లాడారు. ఆయన ప్రత్యర్థి, రిపబ్లికన్ రోమ్నీ అమాంతం పుంజుకున్నారని సర్వేలన్నీ చెప్పాయి. అప్పుడే కొందరు పరిశోధకులు ఎక్స్‌బాక్స్ వీడియోగేమ్ ఆడేవాళ్లని రోజూ ప్రశ్నలడుగుతున్నారు. వాళ్ల పార్టీ ఏదో ముందే నమోదై ఉంది. తీరా చూస్తే, చర్చ తర్వాత మనసు మార్చుకున్నవాళ్లు బహుకొద్దిమంది. డెమోక్రాట్లు జవాబు చెప్పడం తగ్గించారు, అంతే. ఆ లెక్క సరిచేస్తే పుంజుకోవడంలో చాలాభాగం ఆవిరైపోయింది. చేసింది గెల్మన్, గోయల్, రివర్స్, రోత్‌చైల్డ్. వీడియోగేములు ఆడే కుర్రాళ్లని అడిగి దేశం నాడి పట్టుకోవడమేమిటని మొదట్లో నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

అదే ఏడాది దీనికి తలకిందులు తప్పు ఇంకొకటి జరిగింది. సర్వేల్లో డెమోక్రాట్లు మరీ ఎక్కువ కనిపిస్తున్నారు, ఇవి వంకరగా ఉన్నాయి, మేం సరిచేస్తాం అని కొందరు బయల్దేరారు. రిపబ్లికన్ల వాటా పెంచి మళ్లీ లెక్కేసి రోమ్నీ ముందున్నాడని ప్రకటించారు. ఎన్నికల రోజు ఎగ్జిట్ పోల్‌లో డెమోక్రాట్లు 38 శాతం, రిపబ్లికన్లు 32, ఇండిపెండెంట్లు 29. వాళ్లు ఏది అసాధ్యం అన్నారో సరిగ్గా అదే. ఇంకా విచిత్రం, ఇండిపెండెంట్లలో రోమ్నీకి 50, ఒబామాకి 45. "మధ్యవాళ్లని గెలిస్తే ఎన్నిక గెలిచినట్టే" అన్న సూత్రం పట్టుకున్నవాళ్లు బోల్తాపడ్డారు. ఎందుకంటే సొంత పార్టీ మీద అలిగి అరుగెక్కిన రిపబ్లికన్లు ఆ ఇండిపెండెంట్లలో బోలెడంతమంది. అరుగు మీద కూర్చున్నా భోజనానికి పాత ఇంటికే వెళ్తారు వాళ్లు.

వయసు, ఆడామగా లాగా పార్టీని రాయిలాంటి వివరంగా తీసుకుని వెయిటింగ్ చెయ్యకూడదని అప్పట్లో మాకు పెద్దలు చెప్పేవారు. అది అభిప్రాయం, పుట్టుమచ్చ కాదు అని. 2020లో జాతీయ సర్వేల తప్పు నలభై ఏళ్లలోకెల్లా పెద్దదని సర్వేవాళ్ల సంఘమే ఒప్పుకున్నాక పట్టుదల సడలింది. ఇప్పుడు ప్యూ ఏటా ఇళ్ల అడ్రసులకి ఉత్తరాలు పంపి, ఇంటర్నెట్‌లో గానీ కాగితం మీద గానీ ఫోన్‌లో గానీ జవాబివ్వమని విడిగా ఒక సర్వే చేస్తుంది. అందులో తేలిన పార్టీ వాటాల్నే తక్కిన సర్వేలకి కొలబద్దగా వాడుతుంది. కొందరు "కిందటిసారి ఎవరికి వేశారు?" అన్న జవాబుతో సరిచేస్తారు. దాంతో ఉన్న చిక్కు మన ఊళ్లలో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. ఎన్నికలయ్యాక అడగండి, గెలిచినాయనకి ఓటెయ్యనివాడు ఊళ్లో ఒక్కడూ కనపడడు.

మరి నిజంగా మారేది ఎప్పుడు?

నిజమైన మార్పుకి అమెరికా దక్షిణాది రాష్ట్రాలు పాఠ్యపుస్తకం. అంతర్యుద్ధంలో రిపబ్లికన్ లింకన్ చేతిలో ఓడిన కోపంతో అక్కడి తెల్లవాళ్లు తరతరాలుగా డెమోక్రాట్లు. మనవాళ్లు "గాడిదను నిలబెట్టినా గెలుస్తుంది" అంటారే, అక్కడ "పసుపు కుక్కని నిలబెట్టినా మా ఓటు డెమోక్రాట్‌కే" అనేవారు. 1964లో డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ నల్లవాళ్లపై వివక్షని నిషేధించే పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టారు. ఆ ఏడాదే అలబామా అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌ని గెలిపించింది. మరి అలబామా శాసనసభ రిపబ్లికన్ల చేతికి ఎప్పుడొచ్చిందనుకున్నారు? 2010లో. నలభై ఆరేళ్లు! పైన ఓటు ఎప్పుడో మారిపోయింది. ఊళ్లో పార్టీ, నాన్న పార్టీ, చర్చి దగ్గర పలకరించుకునే మనుషుల పార్టీ అలాగే ఉండిపోయింది. చాలామంది విషయంలో మనిషి మారలేదు, ఆ మనిషి పోయి కొడుకో మనవడో వచ్చాడు.

కెంటకీ ఇంకా తమాషా. అమెరికాలో ముప్పై దాకా రాష్ట్రాల్లో ఓటరు నమోదు కాగితం మీదే పార్టీ రాస్తారు. (మీ బావగారుండే టెక్సస్‌లో ఆ పద్ధతి లేదు, అందుకే అక్కడ అందరూ ఊహలే చెబుతారు.) కెంటకీ 1996 తర్వాత ఒక్క డెమోక్రాట్‌ని కూడా అధ్యక్ష ఎన్నికలో గెలిపించలేదు. అయినా నమోదు పుస్తకాల్లో రిపబ్లికన్లు డెమోక్రాట్లని దాటింది 2022 జులైలో. ఇరవై ఏళ్లకు పైగా లక్షలమంది కాగితం మీద ఒక పార్టీ, ఓటు ఇంకో పార్టీ. రేషన్ కార్డులో పాత అడ్రసు మార్పించుకోనట్టు. ఈ నమోదు లెక్కల్ని సర్వేలో చెప్పే పార్టీతో కలిపేసి "డెమోక్రాట్లు ఇంతమంది తగ్గిపోయారు" అని వార్తలు రాసేవాళ్లున్నారు. రెండూ వేరు, రెండూ ఓటు కావు.

మనవైపు సంగతి

ఇక్కడ నా పాత అనుభవం ఒకటి. 2004 ఎన్నికలకి ముందు పల్నాడులో ఒక రైతు ఇంటి ముందు మంచమ్మీద కూర్చుని ప్రశ్నలడుగుతున్నాను. "ఏ పార్టీ అంటే మీకు దగ్గరగా అనిపిస్తుంది?" అంటే తడుముకోకుండా "సైకిలు. రామారావొచ్చిన కాణ్ణించీ" అన్నాడు. తర్వాత ఓటు ప్రశ్న. కాసేపు పొలం వైపు చూసి, "పార్టీ అదేనయ్యా. ఓటు మటుకు ఈసారి కరెంటుకి" అన్నాడు. ఉచిత కరెంటు హామీ ఇచ్చింది కాంగ్రెస్. ఆయన్ని ఏ గడిలో రాయాలి? నా ప్రశ్నపత్రంలో రెంటికీ వేర్వేరు గడులున్నాయి కాబట్టి బతికిపోయాను. ఒకటే గడి ఉన్న సర్వేలో ఆ రైతు "పార్టీ మారినవాడు" అయిపోయేవాడు.

మన దగ్గర సీట్లు చూసి పార్టీ అభిమానాన్ని అంచనా వేయడం మరీ ప్రమాదం. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ 2019లో 151 సీట్లు, 2024లో 11. జనం ఆ పార్టీని మరిచేపోయారనిపిస్తుంది. ఓట్లు చూస్తే 50 శాతం దగ్గర్నుంచి 39కి దిగింది. తెలుగుదేశం 2019లో 23 సీట్లకి పడిపోయినప్పుడూ దాని ఓట్లు 39 శాతమే. కూటమి కట్టారా లేదా, ఎవరు ఎవరితో కలిశారు అన్నదాన్నిబట్టి ఒకే 39 శాతం ఒకసారి 23 సీట్లు పలుకుతుంది, ఇంకోసారి 11.

తెలంగాణ ఇంకో పాఠం. 2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో బీఆర్‌ఎస్‌కి 37 శాతం ఓట్లు. ఆరు నెలలు తిరక్కుండా 2024 మే లోక్‌సభ ఎన్నికల్లో 17 శాతం లోపు, సీట్లు సున్నా. బీజేపీ 14 నుంచి 35కి వెళ్లింది. ఆరు నెలల్లో సగానికి పైగా అభిమానులు కరిగిపోయారా? కొందరు నిజంగానే పోయుంటారు. చాలామంది "ఇది దిల్లీ ఎన్నిక" అనుకుని వేరే బటన్ నొక్కారు. పైగా ఆ పార్టీ 2022లో పేరు మార్చుకుంది. టీఆర్‌ఎస్ అన్నవాణ్ణీ, బీఆర్‌ఎస్ అన్నవాణ్ణీ, కారు అన్నవాణ్ణీ ఒకే గడిలో వెయ్యమని సర్వే చేసే కుర్రాళ్లకి విడిగా నేర్పాలి.

2014 తర్వాత ఆంధ్రలో ఈ తలనొప్పి ఇంకా పెద్దది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 156 సీట్లు గెలిచిన కాంగ్రెస్‌కి విభజన తర్వాత ఆంధ్రలో ఒక్క సీటూ రాలేదు. నేను సెలవుల్లో ఊరొచ్చినప్పుడు మా చిన్నాన్న "మనం మొదట్నించీ కాంగ్రెస్సేగా" అంటూనే ఫ్యాను గుర్తు కండువా మడతపెడుతున్నాడు. ఆయన దృష్టిలో తను ఇల్లు మారలేదు, ఇంటికే కొత్త పేరు పెట్టారు. ఏ సర్వే గడీ దీన్ని పట్టుకోలేదు. అమెరికాలో ఈ బాధ లేదు, నూటయాభై ఏళ్లకు పైగా అవే రెండు పేర్లు. మన దగ్గర 1982 మార్చిలో పుట్టిన పార్టీ 1983 జనవరిలో అధికారంలోకొచ్చింది. తొమ్మిది నెలల్లో అంతమందికి ఒక పార్టీ "మా పార్టీ" అయిపోవడం ఏ అమెరికన్ సిద్ధాంతంలోనూ ఇమడదు. అందుకే అక్కడి సూత్రాలు ఇక్కడ అప్పజెప్పేవాళ్లని చూస్తే నాకు కాస్త చిరాకు.

మీ బావగారి మాట

అమెరికాలోని భారతీయుల మీద కార్నెగీ అనే పరిశోధన సంస్థ, యూగవ్ అనే సర్వే కంపెనీతో కలిసి 2020లో, మళ్లీ 2024లో సర్వేలు చేసింది. తమని డెమోక్రాట్లుగా చెప్పుకున్నవాళ్లు 56 శాతం నుంచి 47కి తగ్గారు. శాంపిల్ 2020లో 936, 2024లో 714 మంది పౌరులు. హెచ్చుతగ్గులు కలిపి లెక్కేస్తే అయిదు శాతం దాకా తేడా ఊరికే వచ్చుండొచ్చు. తొమ్మిది అంతకు మించింది కాబట్టి తగ్గుదల నిజమనే అంటాను. కానీ వాళ్లెక్కడికి వెళ్లారు? రిపబ్లికన్లమని చెప్పుకున్నవాళ్లు ఇంచుమించు అక్కడే ఉన్నారు. పెరిగింది ఇండిపెండెంట్లు. చూశారా, మళ్లీ అరుగే. ఓటు విషయంలో 2024లో డెమోక్రాట్ కమలా హారిస్‌కి వేస్తామన్నవాళ్లు 61 శాతం, రిపబ్లికన్ ట్రంప్‌కి 32. "అందరూ తిరిగిపోయారు" అన్నమాటకి ఈ అంకెల్లో చోటు లేదు. "కొందరు కదిలారు, మగవాళ్లలో ఎక్కువ" అంటే ఒప్పుకుంటాను. హారిస్‌కి వేస్తామన్న ఆడవాళ్లు 67 శాతం, మగవాళ్లు 53.

మరి తెలుగువాళ్లు విడిగా? ఆ 714 మందిలో తెలుగువాళ్లు వందమంది ఉన్నారనుకున్నా, వందమంది మీద హెచ్చుతగ్గు పది శాతం. 50 అని తేలితే అసలుది 40 కావొచ్చు, 60 కావొచ్చు. దాంతో ఏమీ చెప్పలేం. డాలస్‌లో మీ బావగారికి తెలిసినవాళ్లలో హెచ్‌1బీ మీదున్న కుర్రాళ్లకి అసలు ఓటే లేదు. పార్టీల గురించి ఎక్కువ గట్టిగా మాట్లాడేది ఒక్కోసారి వాళ్లే. తెలుగు సంఘాల సభల్లో ఉషా వాన్స్ (ట్రంప్‌తో కలిసి ఉపాధ్యక్షుడిగా గెలిచిన జేడీ వాన్స్ భార్య, తెలుగు మూలాలున్నావిడ) పేరు ఎన్నిసార్లు వినపడింది అన్నది అభిమానానికి కొలత కావొచ్చు, పార్టీ మార్పుకి కాదు.

మళ్లీ ఇలాంటి గ్రాఫ్ కనిపిస్తే నేనైతే మొగ్గువాళ్లని కలిపారా విడగొట్టారా అని ముందు చూస్తాను. తర్వాత ఆ మధ్యలో ఫోన్ నుంచి ఇంటర్నెట్‌కి గానీ పద్ధతి మార్చారా అని. పద్ధతి మారిన ఏడాదే మార్పు కనిపిస్తే సగం అనుమానం దాని మీదే. ఆ తర్వాత ఒక్క మూణ్ణెల్ల అంకె వదిలేసి మూడు నాలుగేళ్ల గీత చూస్తాను.

ఈలోగా ఒక పని చేయండి. మీ నాన్నగారిని "నాన్నా, మనది ఏ పార్టీ?" అని ఒక రోజు, "ఇవాళ ఎన్నికలొస్తే ఎవరికేస్తావ్?" అని ఇంకో వారం అడగండి. రెండోసారి పక్కన ఎవరూ లేకుండా. ఏమన్నారో వీలైతే ఇక్కడే కింద రాయండి. నాకు నిజంగానే తెలుసుకోవాలనుంది.